లేచిన లెక్క

మొదటి ఇస్కూల్లో నా కొడుకుని
జుబేర్ అని ఎవరూ పిలవలేదు.
'ఏయ్, నువ్వే' అనేదే వాడి పేరు.
మూడో నెల డైరీలో ఎర్రసిరా:
కుదురు లేదు. కుదురు లేదు. కుదురు లేదు.
జాకెట్లు కుట్టే మనిషిని నేను,
ఒకేచోట సూది మూడుసార్లు దిగితే
గుడ్డ చినుగుతుందని తెలుసు నాకు.

తిరుపతి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
నాలుగు ఇంగ్లీషు అక్షరాలు రాసిచ్చింది.
చిత్తూరు దాకా బస్సులో
ఆ చీటీ మడుస్తా విప్పుతా వచ్చినా.
వాడు కిటికీ కమ్మీలు లెక్కపెడతా
పాకాల దగ్గర ఒకసారి, కాణిపాకం ఆర్చి దగ్గర ఒకసారి
'అమ్మీ, నాకు జబ్బా?' అన్నాడు.
రెండోసారి జవాబు వినకుండానే
ముందు సీటు తాత టోపీకి
అన్ని చిల్లులు ఎందుకని అడిగినాడు.

మా అత్త తాయెత్తు కట్టింది.
మామిడి మండీలో లెక్కలు రాసే మా ఆయన
'కాయ మాగేదానికి టైము పడతాది' అని ఊరుకున్నాడు.
నాకు ఊరుకునే తీరిక లేదు.

నేను అడిగింది రెండే.
లెక్కలూ తెలుగూ చెప్పే బడి,
మా దువాలు కూడా మర్చిపోనీయని బడి.
ఆ రెండూ ఉన్న చోట
నా కొడుక్కి చోటు దొరకదు.
వాడికి చోటిచ్చిన చోట
నా సలాముకి బదులు దొరకదు.

గ్రీమ్స్‌పేటలో ఒకటి. నాలుగు అంతస్తులు, లిఫ్టు.
'ఇట్లాంటి పిల్లోళ్లకి వేరే బళ్లుంటాయి కదమ్మా.'
'యాడుండాయి సార్?'
ఆయన ఫ్యాను వైపు చూసినాడు.

ఇంకోటి మనోళ్లదే.
తెల్లటి జుబ్బాలు, గీత గీసినట్టు వరసలు.
నాజిమ్ సాబు మంచోడే, టీ ఇప్పించినాడు.
'బిస్మిల్లా నుంచి ఆమీన్ దాకా
కదలకుండా కూర్చుంటే చేర్చుకుంటా' అన్నాడు.
వాడు బిస్మిల్లాకే కిటికీ ఎక్కినాడు.
పరాయోళ్లు వద్దంటే కోపమొచ్చింది.
మనోళ్లు వద్దంటే
ఆ పూట గొంతులో ముద్ద దిగలేదు.

మురకంబట్టులో సిమెంటు అంగడి మీద మేడ.
మూడు గదులు, ఒక వరండా, నలభై మంది పిల్లోళ్లు.
రుఖియా టీచరు ఆ చీటీ రెండుసార్లు చదివింది.
'ఇట్లాంటి బిడ్డకి ఎట్లా చెప్పాలో
నాకూ పూర్తిగా తెలీదమ్మా' అనింది.
'నేర్చుకుంటా. ఒక నెల చూద్దామా?'
ఏడాదిన్నరగా తిరుగుతుండా,
తెలీదు అన్న మనిషి ఈమె ఒక్కతే.
మిగతా అందరికీ వాడి గురించి
నాకంటే బాగా తెలుసు.

లోపలి గదిలో ఖాయిదా చదువుతుండారు,
ముందుకీ వెనక్కీ ఊగుతా,
అలిఫ్‌కి ఒక ఊపు, బేకి ఒక ఊపు.
గుమ్మంలో నిలబడిన నా కొడుకు
ఎవరూ చెప్పకుండానే ఊగినాడు.
ఆ గదిలో
కదలకుండా వింతగా నిలబడింది నేనే.

అంతా కుదిరిపోయిందని చెప్పను.
మొదటి వారం ఒక బూటు
సిమెంటు బస్తాల వెనక పోయింది.
రెండో వారం ఎవడి చెయ్యో కొరికినాడు,
వాళ్లమ్మ కుట్టడానికిచ్చిన గుడ్డలు
మాట్లాడకుండా వెనక్కి తీసుకుపోయింది.
వజూ నీళ్ల బిందె నింపే పని ఇప్పుడు వాడిదే,
పాఠానికీ పాఠానికీ మధ్య
మెట్లు దిగి, ఎక్కి, సగం ఒలకబోసి.
ఫీజు రెండు నెలలది బాకీ.

నిన్న డైరీ తెరవడానికి భయమేసి
మిషను కింద పెట్టి
ఎవరిదో చొక్కాకి గుండీలన్నీ కుట్టినాక తెరిచినా.
నీలంసిరా. కోడి గెలికినట్టు రాత.

'ఈరోజు జుబేర్ ఏడుసార్లు లేచినాడు.
ఏడుసార్లూ తిరిగొచ్చి కూర్చున్నాడు.'

లేచిన లెక్క ఇన్నాళ్లూ అందరూ రాసినారు.

మా ఆయనకి చదివి వినిపిస్తే
'ఏడా?' అన్నాడు, మండీలో మాదిరి వేళ్లు మడుస్తా.
మంచం మీద నుంచి వాడు
'ఎనిమిది అమ్మీ, నీళ్లకి పోయింది టీచరు రాయలేదు' అని
చెప్పులు లేకుండానే వీధిలోకి ఉరికినాడు.